హెంప్ అంటే మన జనుము కాదండీ

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో హెంప్ గింజల పాలకి 'జనుము పాలు' అని పేరు పెట్టి, ఆవుపాలకు బదులు అవి తాగమని వేశారు. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే స్టీలు గిన్నెలో జనుము గింజలు నానుతున్నాయి. ఇదేమిటంటే 'పేపర్లో వచ్చింది కదా, మిక్సీలో వేసి వడగట్టుకోవడమే' అంది మా ఆవిడ. ఆ గింజల్లో విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి. జనుము పశువుకి మేతగా వేస్తాం, పొలంలో కలియదున్నుతాం గానీ, గింజ రుబ్బుకుని ఎవరు తాగుతారండీ?

అసలు ఆ గింజలు ఇంట్లో ఎందుకున్నాయంటే, పచ్చిరొట్టకని సబ్సిడీ విత్తనం అడిగితే అదునులో స్టాకు లేదన్నారు, దమ్ము చేసేశాక పిలిచి ఇచ్చారు. అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.

హెంప్ అంటే గంజాయి జాతి మొక్క. ఆ మాట రాయడానికి మొహమాటం వేసిందో, డిక్షనరీలో మొదట కనబడిన మాట పెట్టేశారో గానీ, ఆ గింజల్లో మత్తు దాదాపు ఉండదని, 2021లో మన ఆహార భద్రతా సంస్థ మత్తు పదార్థానికి హద్దు పెట్టి మరీ తినడానికి ఒప్పుకుందని రాస్తే సరిపోయేది. గోగునార మిల్లుల్లో బతికిన ఊరు విజయనగరం. ఇక్కడి ఎడిషన్‌లోనా ఈ తప్పు!

పోషకాల సంగతికొస్తే, హెంప్ పాలలో లాక్టోజ్ ఉండదు, పాలు పడనివాళ్ళకి మంచిదే, ఒమేగా-3 కూడా ఉంది, కాదనను. కానీ గ్లాసు ఆవుపాలలో 8 గ్రాముల దాకా మాంసకృత్తులుంటే ఇందులో 2 నుంచి 4 గ్రాములే, నీళ్ళు ఎంత పోస్తే అంత పలచన. కాల్షియం, బి12 అయితే కంపెనీవాళ్ళు విడిగా కలపాల్సిందే. ఇంట్లో రుబ్బుకుంటే ఎవరు కలుపుతారు? మీ వ్యాసంలో ఆ ముక్కే లేదు. ఒమేగా-3కి అవిసె గింజలున్నాయి. కాల్షియానికి చోడిపిండి, అంటే రాగిపిండి, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే. చోడంబలి తాగి పొలానికెళ్ళిన జిల్లా ఇది, కానీ అంబలి మీ ఆరోగ్యం పేజీకి ఎక్కదు, ఫొటో బాగోదు కాబోలు.

సవరణ వేస్తే ఆ పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఏ టెండరు ప్రకటన కిందో చీమతలకాయంత అక్షరాలతో కాదు. మా ఇంట్లో నానిన గింజలు పెరట్లో పారబోశాం, మొలిచాయి కూడా.

- ఒక పాత చందాదారు, గజపతినగరం