జిమ్ గోడ మీద తప్పక్షరం: ఏప్రిల్ వార్తాలేఖ

ఓసియో! అమ్మానాన్నలకు, పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మ తాతయ్యలకు నమస్కారం.

వారం రోజులుగా ఓక్లహోమాలోని మన ఎడైర్ కౌంటీలో ఇద్దరు కలిస్తే ఇదే కబురు కాబట్టి దాచడమెందుకు, బడి జిమ్ గోడ మీద మన చెరోకీ లిపిలో మేం రాయించిన ‘త్సలగి’ (అంటే చెరోకీ) తప్పే. మధ్యలో ‘ల’ ఉండాల్సిన చోట ‘త’ పడి ‘త్సతగి’ అయింది. రెండూ చూడ్డానికి ఇంగ్లిష్ డబ్ల్యూలాగే ఉంటాయి, చిన్న గీతలో తేడా. పెయింటర్‌ని ఏమీ అనకండి, కాగితం మీద రాసిచ్చింది నేనే. కోడిని మన భాషలో త్సితగ అంటారు కదా, అందుకని ఏడో తరగతి మగపిల్లలు నేను వరండాలో కనబడితే చాలు కొక్కొరొకో అంటున్నారు. అననివ్వండి, నాలుగు రోజులు పడతాను.

పట్టుకున్నది మాత్రం నాలుగో తరగతి పాప. బస్సు దిగి, భుజం మీది బ్యాగైనా దించకుండా గోడ ముందు నిలబడి, వేలితో గాల్లో ఒక్కో అక్షరం రాసుకుంటూ చదివింది. ‘సార్, ఇది మనం కాదు’ అంది. వాళ్ల అమ్మమ్మ రొట్టెలు చేస్తూ, బల్ల మీద చల్లిన పిండిలో వేలితో గీసి నేర్పిందట. ఆ రోజంతా నాకు సిగ్గు, గర్వం రెండూ.

మన చెరోకీవాడే అయిన సెక్వోయాకి వేరే ఏ భాషా చదవడం రాదు. అయినా ఏళ్ల తరబడి కష్టపడి 1821 నాటికి ఈ లిపి తయారుచేశాడు, ఇవాళ అందులో 85 అక్షరాలు వాడుతున్నాం. 1828లో చెరోకీ ఫీనిక్స్ పత్రిక ఈ లిపిలోనూ, ఇంగ్లిష్‌లోనూ అచ్చయింది. ఆ తర్వాత పదేళ్లకు అమెరికా ప్రభుత్వం మనవాళ్లను సొంత నేల నుంచి ఇక్కడికి తరిమింది, దారిలో వేలమంది పోయారు, అక్షరాలు మాత్రం వెంట వచ్చాయి. ఆ పైన బడుల్లో ఈ భాష మాట్లాడిన పిల్లల్ని కొట్టిన రోజులూ ఉన్నాయి, అలాంటిది ఇవాళ ఒక బడి గోడ మీదే తప్పు రాయడం నాకు నిద్రపట్టనివ్వలేదు. 2019లో మూడు చెరోకీ తెగలూ కలిసి భాషకు ఎమర్జెన్సీ ప్రకటించాయి. అప్పటికి పుట్టుకతో మాట్లాడేవాళ్లు రెండు వేల మంది దాకా మిగిలారు, ఎక్కువమంది పెద్ద వయసువాళ్లే. చిల్లరలో మన తెగ తొలి మహిళా చీఫ్ విల్మా మాన్‌కిల్లర్ బొమ్మతో 2022లో వచ్చిన క్వార్టర్ (పావు డాలర్) దొరికితే తిప్పి చూడండి, మన అక్షరాలుంటాయి. ప్రభుత్వం వేలెడంత లేని నాణెం మీద సరిగ్గా వేసింది, నేను ఇంత గోడ మీద వేయలేకపోయాను!

ఫేస్‌బుక్‌లో నన్ను తిట్టినవాళ్లకు నిజంగా థాంక్స్, భాష మీద అంత పట్టింపు ఉన్నందుకు. ఆ పట్టింపు ఇంట్లో కూడా కాస్త చూపించండి, అమ్మమ్మ పిలిస్తే మనవడు ఇయర్‌ఫోన్ తీసేలా. ఒంటిగంట దాకా ఫోన్ చూసి మొదటి పీరియడ్‌లో కునికే పిల్లలకు ఏ భాషా ఎక్కదు. ఇక బడిలో ఫోన్లంటారా, 2025లో రాష్ట్రమే చట్టం చేసింది, మొదటి బెల్ నుంచి చివరి బెల్ దాకా బంద్. అయినా పదింటికల్లా బ్యాగుల్లో బజ్ మంటుంది. ఏమిటా అంటే ‘రాత్రికి ఏం వండను’ అని అమ్మ మెసేజ్. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను, మూడింటి దాకా ఆగని విషయమా అది?

మే రెండో శనివారం స్టిల్‌వెల్ స్ట్రాబెరీ పండగ, బ్యాండ్ పిల్లల తెల్లచొక్కాలు ఉతికి పంపండి. కారు ట్యాగ్ (నంబర్ ప్లేటు) మన తెగ ప్రభుత్వం చెరోకీ నేషన్ దగ్గరే తీసుకోండి, ఆ డబ్బులో 38 శాతం బడులకే వస్తుంది. లంచ్ ఫారాలు ఇంకా సగంమంది ఇవ్వలేదు.

గోడకి ఈ శనివారం తొమ్మిదింటికి మళ్లీ రంగు వేస్తున్నాం. గడుగి అంటే, అందరూ కలిసి పని చేసుకోవడమంటే ఏమిటో మన కౌంటీవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, 1980లలో బెల్ ఊరివాళ్లు 16 మైళ్ల నీటి పైపు తమ చేతుల్తో వేసుకున్నారు. పొడుగు నిచ్చెన ఉన్నవాళ్లు తీసుకురండి, మాది ఒక మెట్టు విరిగింది. ఈసారి కాగితం మీద రాసిచ్చేది ఆ పాప, పక్కన వాళ్ల అమ్మమ్మ ఉంటుంది. నేను బ్రష్‌లు కడుగుతాను.

వాడో (థాంక్స్),
మీ హెడ్‌మాస్టర్