డబ్బులు కట్టబాకు, ముందు ఇది చదువు

ఒరే బావా,

ఎట్టుండావు? నువ్వు పంపిన మెదడు వ్యాయామం యాప్ చూశాలే. సంవత్సరానికి కట్టేస్తానంటున్నావే, ఆగు. ఫోన్‌లో చెబుదామంటే మా ఇంట్లో గోడలకే కాదు, కిటికీలకీ చెవులుండాయి. అందుకే కాయితం.

మతిమరుపు అని రాశానని కంగారు పడినట్టుండావు. మరుపు కాదురా, నిదానం. రొయ్యల గుంట కట్ట మీద నిలబడి ఉంటానా, చెక్ ట్రేలో, అదే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో, మేత మిగిలిందని కుర్రోడు అరుస్తాడు. ఫోన్‌లో రొయ్యలు కొనేవాడు కిలోకి నలభై తూగే కౌంట్‌కి ఇంత, యాభైకి ఇంత అని గడగడా చెప్తా ఉంటాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోద్ది. ఒకప్పుడు మూడూ ఒక్కచేత్తో నడిపేవాణ్ణి. ఇప్పుడు ఒకటి పట్టుకుంటే రెండోది జారిపోతా ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి జనరేటర్ వెయ్యమనడం ఆలస్యమైతే రొయ్య తేలిపోద్ది, నీకు తెలియంది కాదు.

నాకు హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరమ్మకి చెప్పా. నవ్వుద్దేమో అనుకున్నా, నవ్వలా. నాలుగు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. బొటనవేలూ చూపుడువేలూ ఎంత వేగంగా తాటిస్తానో లెక్కపెట్టింది. తర్వాత పిడికిలి, అరచెయ్యి, చేతి అంచు, ఇవి వరసగా బల్ల మీద పెట్టాల. ఆఖర్న ఆ నాలుగు మాటలూ అడిగింది. మొత్తం 12 మార్కులు. 10 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలంట. నాకు ఎంతొచ్చిందో నువ్వొచ్చినప్పుడు చెప్తాలే.

నాకు రుచించంది ఒకటే. వైరల్ లోడ్, అదే రక్తంలో వైరస్ లెక్క, అసలు కనపడటంలా, మరి తలకెందుకీ తిప్పలు? ఈ హెచ్ఐవీ పురుగు ఒంట్లోకి వచ్చిన తొలి రోజుల్లోనే మెదడుకి చేరుద్దంట. నరాల కణాల్ని పట్టుకోదు, వాటికి కాపలా ఉండే కణాల్లో దూరి కూర్చుంటుంది. ఆ వాపు సన్నగా సాగుతానే ఉంటుంది. మందులు మొదలెట్టకముందు సీడీ4, అదే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, బాగా పడిపోయినోళ్లకి ఇది ఎక్కువంట. నేను 2017కి ముందు బ్యాచ్ కదా, అప్పట్లో సీడీ4 తగ్గిందాకా ఆగమనేవాళ్లు. అయితే భయపడబాకు. అమెరికాలో 1,500 మందికి పైగా పరీక్షించి 2010లో లెక్క తీస్తే, సగం మందికి ఏదో ఒక లోపం కనపడింది గానీ, మతి పూర్తిగా దెబ్బతిన్నోళ్లు నూటికి ఇద్దరే.

ఇక నీ ఆట సంగతి. అన్నీ ఒకటి కాదురా. పనికొచ్చేట్టు కనపడేది వేగానికి సంబంధించింది. తెర మధ్యలో కారో లారీనో మెరిసి మాయమవుద్ది, అదే క్షణాన అంచున ఇంకో బొమ్మ. మధ్యలో ఏది, అంచున యాడ, రెండూ చెప్పాల. చెప్పేకొద్దీ మెరుపు ఇంకా కురచవుద్ది. నా గుంట కట్ట కష్టం కూడా అదే కదా! 2012లో అలబామాలో డేవిడ్ వాన్స్ అనే ఆయన, హెచ్ఐవీ ఉన్న 46 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకి 10 గంటలు ఇదే నేర్పించాడు. వాళ్ల చూపు వేగం పెరిగింది, చిల్లర లెక్కపెట్టడం, మందు సీసా మీద రాసింది చదవడం లాంటి పనులు కూడా కాస్త చురుగ్గా చేశారు. కానీ రెండో జట్టుకి ఏ ఆటా ఇవ్వలా, ఊరికే వదిలేశారు. మన దగ్గర కూచుని నాలుగు మాటలు మాట్లాడే మనిషుంటేనే సగం హుషారొస్తుంది. అందుకే నేను సగమే నమ్ముతా.

జ్ఞాపకం పెరుగుద్ది, ఉద్యోగంలో దూసుకుపోతావు అని చెప్పే యాప్‌లని అసలు నమ్మను. లుమోసిటీ వాళ్లు ఇట్టాంటి గొప్పలే చెప్పుకుంటే, 2016లో అమెరికా ప్రభుత్వం 20 లక్షల డాలర్లు కట్టించింది. ఆట ఆడితే ఆ ఆటే బాగా వస్తుంది. రేటు బేరమాడటం వస్తుందా అన్నదే అసలు లెక్క.

డాక్టరమ్మ ఆట సంగతి చివర్న చూద్దామంది. ముందు బీపీ, షుగర్, థైరాయిడ్, బీ12 చూడాలంట. నిద్ర ఎట్టా పడతా ఉంది, దిగులుగా ఉంటుందా అని గుచ్చి గుచ్చి అడిగింది. దిగులు కూడా బుర్రని ఇట్టాగే నెమ్మది చేస్తుందంట. ఏరేటర్ల కాపలాకి రాత్రంతా మేలుకునే మనిషిని నిద్ర గురించి అడిగితే ఏం చెప్తా! మాత్ర మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదంది. పాత మందులో ఎఫావిరెంజ్ ఉన్నప్పుడు వచ్చే పిచ్చి కలలు నీకు చెప్పా గదా, ఇప్పుడేసుకునే ఈ టీఎల్‌డీ మాత్రకి మారాక అవి పోయాయి, అదొక్కటీ నయం.

మాటల ఆటలన్నీ ఇంగ్లీషులో ఉండాయి, అవి నాకొద్దు. లారీ బొమ్మల ఆటకి భాషతో పనిలేదు, అది ఆడి చూస్తా. నా ఫోన్ తెర మీద అంచు ఏది, మధ్య ఏది? నీ పాత ల్యాప్‌టాప్ మూలన పడుందన్నావే, డబ్బుకి బదులు అది పంపు. మీ అమ్మ చేతికి మాత్రం ఇయ్యబాకు, ఎందుకని అడుగుద్ది. కావలి వచ్చే బస్సులో పార్సిల్ వేసి నాకు ఫోన్ చెయ్, నేనే పోయి తెచ్చుకుంటా.

నీ
బావ