హోంవర్క్ డైరీలో రాయించండి, ఫోన్ పాఠం బడిలో చెప్పండి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో చాలా బడుల్లో ఒకటి, రెండు తరగతుల హోంవర్క్ కూడా సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో పడుతోంది. ఏడేళ్ల పిల్ల ఫోన్ పట్టుకోవడానికి అదే లైసెన్సు. ఆ ఫోన్ అమ్మదో నాన్నదో. బ్యాంకు యాప్, యూపీఐ అన్నీ అందులోనే. హైస్కూల్లో సదస్సు పెట్టి ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దంటే ఈ వయసు వాళ్లకు సరిపోదు. వీళ్లు కనిపించినదల్లా నొక్కుతారు. చిక్కంతా అక్కడే.

ట్రాఫిక్ చలాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. హోంవర్క్ పీడీఎఫ్ వెతుక్కునే పిల్ల దాన్నీ నొక్కుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమని అడిగితే ‘అలౌ’ అంటుంది. ఇక బ్యాంకు ఓటీపీలు మోసగాడి చేతిలో పడ్డట్టే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్‌లోకి వెళ్లి వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్‌లకు అనుమతి తీసేయాలి. పేర్లు ఫోన్‌ను బట్టి మారతాయి. సెట్టింగ్స్‌లో ‘అన్‌నోన్’ అని వెతికితే చాలావరకు దొరుకుతుంది.

హోంవర్క్ చూపించేటప్పుడు తెర మీద ఒక్క యాప్‌నే ఉంచి మిగతావి తెరవనివ్వని యాప్ పిన్నింగ్ వాడండి, ఐఫోన్‌లో అయితే గైడెడ్ యాక్సెస్. వాట్సాప్‌నే పిన్ చేస్తే గ్రూపులన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి హోంవర్క్ ఫొటోను గ్యాలరీలో తెరిచి గ్యాలరీని పిన్ చేయాలి. అన్‌పిన్ చేసే ముందు ఫోన్ లాక్ పిన్ నంబరు అడిగే ఆప్షన్ కూడా ఆన్ చేయకపోతే, కింది నుంచి పైకి లాగి పట్టుకుని పిల్లలు బయటికొచ్చేస్తారు. యూట్యూబ్ కిడ్స్‌లో పెద్దల సెట్టింగ్స్‌కు వేసిన తాళం ఒక గుణకారం లెక్క. మన మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు నోటికొచ్చు! సొంత పాస్‌కోడ్ పెట్టుకోండి, సెర్చ్ ఆపేయండి.

పాల ప్యాకెట్ తెమ్మని ఫోన్ ఇచ్చి, యూపీఐ పిన్ కూడా చెప్పి పంపడం బస్తీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ మామూలైపోయింది. పిన్ ఇతరులకు చెప్పడం వల్ల జరిగిన నష్టాన్ని, బ్యాంకుకు తెలియజేసే దాకా ఖాతాదారే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్‌లో చెప్పింది. అంతగా అవసరమైతే యూపీఐ యాప్‌లోనే చిన్న పర్సులాంటి యూపీఐ లైట్‌లో రెండు మూడు వందలు వేసి ఉంచండి, దానికి పిన్ అక్కర్లేదు. ఆటో టాప్-అప్ మాత్రం ఆపాలి, లేదంటే ఖాళీ అయినప్పుడల్లా ఖాతాలోంచి మళ్లీ నిండుతుంది.

ఇక పిల్లలకు నేర్పాల్సింది ఒక్క అలవాటు. తెలియని బొమ్మ, ‘మీరు గెలిచారు’ లాంటి మాట, భయపెట్టే వీడియో, ఏది వచ్చినా ఫోన్ బోర్లా పెట్టి పెద్దవాళ్లను పిలవాలి. మూసేయమని మాత్రం నేర్పొద్దు. ప్రకటనల్లో ఇంటూ గుర్తు ఆలస్యంగా వస్తుంది, చిన్నగా ఉంటుంది; దాని పక్కన వేలు పడితే ప్రకటనే తెరుచుకుంటుంది. అలాంటి తెరలు నాలుగైదు అట్టల మీద గీసి తరగతిలో ఆటగా ఆడిస్తే ఫోన్ లేకుండానే అలవాటవుతుంది. పిలిచిన పిల్లను తిట్టారా, రెండోసారి పిలవదు. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు వేధింపుల్లో చిక్కుకుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

విద్యాశాఖ జూన్‌లో బడులు తెరిచేలోపే ఉత్తర్వు ఇవ్వాలి: ఐదో తరగతి దాకా హోంవర్క్ డైరీలోనే రాయించాలి. గ్రూపు తప్పదంటే, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాలి. తల్లిదండ్రుల మొదటి సమావేశంలో అరగంట కేటాయించి, ఎవరి ఫోన్‌లో వాళ్లతోనే ఈ సెట్టింగ్స్ పెట్టించాలి. ప్రొజెక్టర్ మీద చూపించి పంపేస్తే ఇంటికెళ్లి పెట్టేవాళ్లు తక్కువ.

– ప్రాథమిక పాఠశాల కంప్యూటర్ ఉపాధ్యాయురాలు, మలక్‌పేట, హైదరాబాద్