భూకంప వార్తల్లో ‘10 కిలోమీటర్ల లోతు’

సంపాదకులకు,

భూకంపం వార్తల్లో ‘10 కిలోమీటర్ల లోతున’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. చాలాసార్లు అది కొలిచిన లోతు కాదు. దగ్గర్లో భూకంపాలను నమోదు చేసే స్టేషన్లు లేక లోతు తేలనప్పుడు, లెక్క ముందుకు నడవడానికి కంప్యూటర్‌లో పెట్టే అంకె. పల్నాడు ప్రకంపనల వార్తలో అలా రాసినా కొంపలు మునగవు. అగ్నిపర్వతం దగ్గర మాత్రం చోటూ లోతే అసలు వార్త. 1991 జూన్ మొదట్లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతానికి వాయవ్యాన కొన్ని కిలోమీటర్ల దూరంలో వస్తున్న ప్రకంపనలు శిఖరం కిందికి మారాయి. 15న అది భీకరంగా పేలింది.

భూకంపం నుంచి ముందుగా చేరే పి తరంగం సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు, దాని వెనక వచ్చే ఎస్ తరంగం 3.5 కిలోమీటర్లు వెళ్తుంది. స్టేషన్‌కు రెండూ చేరడం మధ్య సెకన్లను 8తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. మూడు స్టేషన్ల దూరాలు కలిస్తే చోటు దొరుకుతుంది. లోతు తేలాలంటే ఒక్క స్టేషనైనా ఆ లోతుకు మించని దూరంలో ఉండాలి. అండమాన్‌లో అగ్నిపర్వతమున్న బ్యారెన్ దీవి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీవిజయపురం) సుమారు 135 కిలోమీటర్లు. అంత దూరం నుంచి 1 తీవ్రత ప్రకంపన సముద్రపు హోరులో కలిసిపోతుంది.

ప్రకంపనలు గుంపుగా వస్తే ఇంకో చిక్కు. ఒక సెకను సగటు కదలికను 30 సెకన్ల సగటుతో భాగించి, 3 లేదా 4 దాటితే ప్రకంపనగా గుర్తించడం మామూలు పద్ధతి. మొదటిది సద్దుమణగకముందే రెండోది వస్తే 30 సెకన్ల సగటు అప్పటికే పెరిగి ఉంటుంది, రెండోది లెక్కకు రాదు. ఒకదాని ఎస్‌ను తర్వాతిదాని పి అనుకుంటే చోటే తారుమారు. అందుకే స్పష్టంగా నమోదైన ఒక ప్రకంపన అచ్చును రికార్డు పొడవునా జరుపుతూ, దాన్ని పోలినవాటిని ఏరుతారు. నాలుగు స్టేషన్లలో కొద్ది సెకన్ల తేడాతో కనిపించనిదాన్ని వదిలేయాలి, అది లారీ కావచ్చు, గాలి కావచ్చు.

జీపీఎస్ గడియారం 0.1 సెకను తప్పినా దూరంలో 600 మీటర్ల తేడా. బూడిద పొరల్లో పి వేగం 2, 3 కిలోమీటర్లకు పడిపోతుంది. అక్కడా 6 అనే లెక్కిస్తే లోతు తప్పుతుంది. పి మొదలు స్పష్టంగా కనపడని నెమ్మది కంపనాలకు బలవంతంగా చోటు చూపించకపోవడమే మంచిది.

కాబట్టి లోతు అచ్చు వేసేటప్పుడు దాని పక్కన ఎంత అటూఇటూనో కూడా వేయండి. వరసగా నాలుగు ప్రకంపనలకూ అదే 10 కనిపిస్తే, ‘లోతు ఇంకా తేలలేదు’ అని రాయండి.

- భూభౌతికశాస్త్ర అధ్యాపకులు, బ్రాడీపేట, గుంటూరు