‘లాంప్రాంత్ ద లాంజ్’ తెలుగు వెర్షన్‌లో లోపాలు: సరిదిద్దాలని ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
తెలుగు డబ్బింగ్, సబ్‌టైటిల్ విభాగాల బాధ్యులకు,

విషయం: 2008 నాటి ఫ్రెంచ్ సినిమా ‘లాంప్రాంత్ ద లాంజ్’ తెలుగు వెర్షన్‌లో కథాసారాంశం, నటీనటుల వివరాలు, సబ్‌టైటిళ్లు, డబ్బింగ్, హెచ్చరికల్లో ఉన్న తప్పుల గురించి.

అయ్యా, అమ్మా,

మీ ఓటీటీలో ఈ సినిమాను తెలుగు డబ్బింగ్‌తోనూ తెలుగు సబ్‌టైటిళ్లతోనూ పెట్టారు. ఇలాంటి ఫ్రెంచ్ సినిమా తెలుగులో దొరకడం అరుదు కాబట్టి ఆ పని చేసినందుకు ముందుగా కృతజ్ఞతలు. మేము సబ్‌టైటిళ్లు రాసే, సరిచూసే పని తెలిసినవాళ్లం. సస్పెన్స్ మీద నడిచే సినిమాకు మొదటిసారి చూడడమే అసలు చూడడం. ఆ ఒక్కసారీ పాడైతే ఆ ప్రేక్షకుడికి తర్వాత ఎవరూ దాన్ని తిరిగి ఇవ్వలేరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

సఫీ నెబ్బు దర్శకత్వం వహించిన ఈ సినిమాలో ఎల్సా (కాథరిన్ ఫ్రో) విడాకుల గొడవలో ఉన్న తల్లి. కొడుకును ఒక పుట్టినరోజు పార్టీ నుంచి ఇంటికి తీసుకురావడానికి వెళ్లి, అక్కడ లోలా అనే పాపను చూస్తుంది. పసికందుగా ఉండగానే పోయిన తన కూతురు ఈ పాపేనన్న నమ్మకం ఆమెలో పాతుకుపోతుంది. లోలా తల్లి క్లేర్ (సాండ్రిన్ బొన్నేర్) వాళ్ల ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసి, కొనడానికి వచ్చిన మనిషిలా ఆ ఇంట్లోకి అడుగుపెడుతుంది. ఎల్సాకు మతి చలించిందా, లేక ఎవరికీ కనిపించని నిజం ఆమెకు కనిపించిందా? సినిమా అంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది. ఒక వైపు ఎల్సా దుఃఖం, ఇంకో వైపు క్లేర్ భయం. త్రాసులో రెండూ సమానంగా తూగుతున్నంతసేపే కథకు ప్రాణం. మీ వెర్షన్‌లో చాలాచోట్ల ఆ త్రాసు ముందే ఒక పక్కకు ఒరిగిపోతోంది. ముగింపు ఏమిటో ఈ లేఖలో కూడా రాయడం లేదు. మీ సిబ్బందిలో ఇంకా చూడనివాళ్లు ఉండవచ్చు.

సినిమా పేరు మీద నొక్కగానే వచ్చే తెలుగు కథాసారాంశం చూడండి. ఎల్సా అనుమానం నిజమో భ్రమో రెండో వాక్యంలోనే తేల్చేశారు. సారాంశం రాసేవాళ్లు ఇలాంటి సినిమాకు ఒక హద్దు పెట్టుకోవాలి: మొదటి పావుగంటలో తెరమీద జరిగేదే రాయాలి, ఆ తర్వాతది ముట్టుకోకూడదు. ‘దుఃఖంలో ఉన్న ఒక తల్లి, ఒక పాపలో చనిపోయిన తన కూతురిని చూస్తుంది, ఆ పాప కుటుంబానికి దగ్గరవుతుంది’ అంటే చాలు. థంబ్‌నెయిల్‌దీ అదే తప్పు. చివరి భాగంలోని దృశ్యాన్ని తీసి పెట్టారు. దాని బదులు సినిమా మొదట్లోని దృశ్యమో, అసలు పోస్టరో వాడండి.

పైగా ఆ సారాంశంలో తల్లి పేరు లిజీ అని ఉంది. నటీనటుల జాబితాలో నూమీ రపాస్, ఇవోన్ స్ట్రహోవ్‌స్కీ కనిపిస్తున్నారు. వాళ్లు 2019లో కిమ్ ఫారంట్ దర్శకత్వంలో ఇంగ్లీషులో వచ్చిన రీమేక్ ‘ఏంజెల్ ఆఫ్ మైన్’ నటులు. ఆ కథ ఆస్ట్రేలియాలో నడుస్తుంది. పొరపాటు ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఫ్రెంచ్ సినిమా కూడా కొన్ని చోట్ల అదే ఇంగ్లీషు పేరుతో చలామణీలో ఉంది. రీమేక్‌లో ఎల్సా పేరును లిజీగా మార్చినా క్లేర్, ఆమె భర్త బెర్నార్డ్, లోలా పేర్లు అలాగే ఉంచారు. పేరుతో వెతికి వివరాలు దింపుకునే పద్ధతిలో ఈ రెండూ కలిసిపోతాయి. పేరుతో కాకుండా ఈఐడీఆర్ (ప్రతి సినిమాకూ విడిగా ఇచ్చే అంతర్జాతీయ నమోదు) గుర్తింపు సంఖ్యతో జతచేస్తే కలవవు. అదీ లేకపోతే విడుదలైన సంవత్సరం, దర్శకుడి పేరు రెండూ సరిపోయాకే వివరాలు ఎక్కించాలి. సఫీ నెబ్బు పేరు, కాథరిన్ ఫ్రో, సాండ్రిన్ బొన్నేర్, మిషెల్ ఒమోన్, వ్లాదిమిర్ యోర్డనోఫ్ పేర్లు సినిమా పేజీలో ఎక్కడా లేకపోవడం ఆ కళాకారులకు అన్యాయం.

ఇక సబ్‌టైటిళ్లు. ఫ్రెంచ్ ఆడియో, తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టుకుని మొదటి పది నిమిషాలు చూస్తే ఏ తేడా పెద్దగా తెలియదు. ముందుకు వెళ్లేకొద్దీ మాట కన్నా రాత ముందు రావడం మొదలవుతుంది, చివరికి మనిషి నోరు తెరవకముందే ఆమె చెప్పబోయేది తెరమీద ఉంటుంది. తేడా మొదటినుంచి ఒకేలా ఉంటే ప్రారంభ సమయం తప్పు అనుకోవచ్చు. ఇది సమానంగా పెరుగుతూ పోతోంది కాబట్టి ఫ్రేమ్ రేట్ తేడా. సబ్‌టైటిల్ ఫైలును సెకనుకు 24 ఫ్రేములు నడిచే కాపీ మీద తయారుచేశారు, మీరు ప్రసారం చేస్తున్న వీడియో 23.976 ఫ్రేములది. తేడా వెయ్యికి ఒక వంతే. పది నిమిషాల దగ్గర అది 0.6 సెకను, గంట దగ్గర 3.6 సెకన్లు, 90 నిమిషాల దగ్గర 5.4 సెకన్లు. మొదటి పది నిమిషాలు మాత్రమే తనిఖీ చేసి ఫైలును పాస్ చేసే అలవాటు ఉన్నచోట ఈ తప్పు ఎప్పుడూ దొరకదు.

వేరే సినిమాలో అయిదు సెకన్లంటే చిరాకు, అంతే. ఈ సినిమాలో అసలు నిజం బయటపడేది ఆఖరున. ఆ మాట నటి ముఖంలో కనిపించకముందే ప్రేక్షకుడు చదివేస్తున్నాడు. సరిచేయడానికి కొత్తగా అనువాదం అక్కర్లేదు. ఫైల్లోని ప్రతి సమయాన్నీ 1.001తో గుణించాలి, అంటే 1:00:00 అని ఉన్నది 1:00:03.6 అవుతుంది. తర్వాత మొదటి మాట, నడిమి మాట, చివరి మాట మూడింటినీ ఆడియోతో సరిపోల్చి చూడాలి. మూడూ కుదిరితే మధ్యవన్నీ కుదిరినట్టే.

సమయం సరిచేసేటప్పుడే ఇంకొకటి చూడండి. కొన్ని చోట్ల ఒకరి ప్రశ్న, ఇంకొకరి జవాబు రెండు గీతలు పెట్టి ఒకే సబ్‌టైటిల్లో ఇచ్చారు. మామూలు సంభాషణలో అది ఆమోదించిన పద్ధతే. ఎల్సా, క్లేర్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడే సన్నివేశాల్లో మాత్రం ప్రశ్న వినబడుతుండగానే కన్ను జవాబు మీదికి జారిపోతుంది. అక్కడ విడదీయాల్సిందే. ఒక సబ్‌టైటిల్ కనీసం 20 ఫ్రేములు తెరమీద ఉండాలన్న నియమం తెగకుండా విడదీయడానికి ఆ సన్నివేశాల్లో కావలసినంత వ్యవధి ఉంది. మాటకు మాటకు మధ్య మౌనం ఎక్కువ.

తెలుగు పాఠం ఫ్రెంచ్ నుంచి కాకుండా ఇంగ్లీషు సబ్‌టైటిళ్ల నుంచి వచ్చిందని చదవగానే తెలుస్తోంది. పరిచయం లేని ఇద్దరు నడివయసు ఆడవాళ్లు ఫ్రెంచ్‌లో ఒకరినొకరు మన ‘మీరు’లాంటి మాటతోనే పలకరించుకుంటారు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు, కాబట్టి తెలుగులో మొదటి కలయికలోనే ‘నువ్వు’ పడింది. ఎల్సా ఆ ఇంటికి ఎంత దగ్గరయిందో, క్లేర్ ఆమెను ఎంత దూరంగా నిలబెడుతోందో కొలవడానికి మన భాషలో సహజంగా ఉన్న వసతిని మీ అనువాదం వదులుకుంది. ఫ్రెంచ్ తెలిసినవాళ్ల చేత ఒక్కసారి సంబోధనలు మాత్రమే సరిచూపించినా చాలా బాగుపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం డబ్బింగ్ వల్ల జరిగింది. కాథరిన్ ఫ్రో నటన అంతా అదుపులోనే ఉంది. ఆమె ఎల్సా చాలావరకు గొంతు పెంచదు. మర్యాదగా, నెమ్మదిగా, వెనక్కి తగ్గకుండా మాట్లాడుతుంది. చూసేవాళ్లకు భయం పుట్టేది అందుకే, ఆమె మీద జాలి కలిగేదీ అందుకే. తెలుగు గొంతు మొదటి లూప్ (డబ్బింగ్‌లో ఒక్కో విడతలో పలికించే చిన్న ముక్క) నుంచే వణుకుతోంది. మాటలు లేని షాట్లలో, ఆమె వీపు మాత్రమే కనిపించే చోట కూడా నిట్టూర్పులు, వెక్కిళ్లు, ‘నా బంగారు తల్లీ’ అనే పొడి మాటలు చేర్చారు. అది విన్న తెలుగు ప్రేక్షకుడు పది నిమిషాల్లో ‘ఈవిడకు పిచ్చి’ అని తీర్మానించుకుంటాడు. ఇందులో డబ్బింగ్ ఆర్టిస్టు తప్పేమీ లేదని మా నమ్మకం. పాత్ర గురించి చెప్పకుండా, సినిమా మొత్తం చూపించకుండా లూప్ తర్వాత లూప్ పలికిస్తే ఎంత మంచి ఆర్టిస్టయినా అలాగే పలుకుతుంది. రికార్డింగ్‌కు ముందు ఫ్రెంచ్‌లో సినిమా పూర్తిగా చూపించండి. అసలు ట్రాకులో నటి ఊపిరి వినబడని చోట తెలుగులోనూ వినబడకూడదన్న నియమం పెట్టండి.

డబ్బింగ్‌లో మరో లోపం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వెంటనే దొరుకుతుంది. రెండు మాటల మధ్య గది చప్పుడు పూర్తిగా ఆగిపోతోంది. పుట్టినరోజు పార్టీలో పిల్లల అల్లరి ఒకరు మాట్లాడినప్పుడల్లా మాయమై మళ్లీ మొదలవుతోంది. మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉంచిన ఎం అండ్ ఈ ట్రాక్ లేకుండా, అసలు ఆడియోను మాట ఉన్నచోటల్లా కోసి తెలుగు అతికించినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ ఖాళీలు కప్పడానికేమో, హారర్ సినిమాల్లో వాడే గుయ్‌మనే సంగీతం అక్కడక్కడా కొత్తగా వేశారు. దర్శకుడు సంగీతం వద్దనుకున్న చోట మీరు వేసే హక్కు లేదు. హక్కుదారుల దగ్గర ఎం అండ్ ఈ ట్రాక్ అడిగి తీసుకుని మళ్లీ మిక్స్ చేయండి. దొరక్కపోతే ఆ శబ్దాలు కొత్తగా తయారుచేయించండి. అదీ కుదరకపోతే తెలుగు డబ్బింగ్ తీసేసి, సరిచేసిన సబ్‌టైటిళ్లతో మాత్రమే ఉంచండి. ఈ సినిమాకు అదే గౌరవం.

హెచ్చరికల విషయం వేరుగా రాయాల్సి వస్తోంది. వయసు వర్గం పక్కన ‘సస్పెన్స్’ అని ఒక్క మాట ఉంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గంతోపాటు కంటెంట్ స్వభావాన్ని కూడా ముందే తెలియజేయాలి. పసిబిడ్డను పోగొట్టుకోవడం ఈ కథకు మూలం. గర్భం పోయినవాళ్లు, పురిటిలోనే బిడ్డను కోల్పోయినవాళ్లు ఏ సూచనా లేకుండా ఇందులోకి అడుగుపెట్టకూడదు. ‘శిశుమరణం ప్రస్తావన, బిడ్డను కోల్పోయిన తల్లి మానసిక వేదన, ఒక కుటుంబాన్ని వెంటాడడం’ అని సినిమా మొదలయ్యే ముందు చూపితే కథలో ఏ రహస్యమూ బయటపడదు.

చివరి దృశ్యం ముగియగానే టైటిల్స్ కుదించి పక్కన ఇంకో సినిమా ట్రైలర్ మొదలుపెడుతున్నారు. కనీసం ఈ సినిమాకు ఆ ఏర్పాటు ఆపండి.

సారాంశం, థంబ్‌నెయిల్, నటీనటుల వివరాలు, హెచ్చరిక ఒక్కరోజులో మార్చగలిగేవి. సబ్‌టైటిల్ సమయాల సవరణ ఒక పూట పని. వీటిని వెంటనే చేయాలని కోరుతున్నాం. సంబోధనల సవరణకు, డబ్బింగ్ మిక్స్‌కు ఎంత గడువు కావాలో చెప్పండి, అప్పటిదాకా తెలుగు డబ్బింగ్‌ను నిలిపివేయండి. నిబంధనల ప్రకారం 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు రసీదు, 15 రోజుల్లో మీ నిర్ణయం పంపాలి. సరిచేసిన ఫైళ్లను విడుదలకు ముందు చూసిపెట్టమంటే ప్రతిఫలం ఆశించకుండా చూసి పెడతాం.

ఇట్లు,
తెలుగు సబ్‌టైటిల్ రచయితలు, పరిశీలకులు