మా బాపును నిలబెట్టిన వాళ్ళందరికీ

బాపు తాటిచెట్టు మీద నుంచి పడ్డప్పటి నుంచి, ఇప్పుడు వాకర్ పట్టుకుని అరుగు దాకా నడిచి వచ్చేంత వరకు మాకు సాయం చేసిన వాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి చెప్పాలని ఉన్నా కుదరడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని కొందరు ముందే అన్నారు. చదివితే ఎవరి మాటో మీకే తెలుస్తుంది.

ముందుగా పక్క చెట్లు గీస్తున్న అన్నలకు. మోకు జారి బాపు కింద పడగానే మీరు కాళ్ళూ చేతులూ పట్టి లేపలేదు. తలుపు చెక్క తెప్పించి, మెడా నడుమూ మెలి తిరగకుండా దాని మీదికి జరిపి 108 ఎక్కించారు. వీపు భాగంలో పదో వెన్నుపూస (డీ10) విరిగిందని, వెన్నుపాము నలిగింది కానీ పూర్తిగా తెగలేదని ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు చెప్పారు. "కదపకుండా తెచ్చారు, చాలా మంచి పని చేశారు" అని కూడా అన్నారు. ఆ మాట మీకు చేరాలి.

మొదట్లో బాపు కాళ్ళు మెత్తగా పడి ఉండేవి. కొన్ని వారాలకు వాటంతట అవే ఎగరడం మొదలైంది. దుప్పటి తగిలినా చాలు, మోకాళ్ళు ముడుచుకునేవి, లేదంటే రెండు కాళ్ళూ నిటారుగా బిగుసుకుపోయేవి. చూడ్డానికి వచ్చిన వాళ్ళలో సగం మంది "కాళ్ళు కదులుతున్నాయి, ఇంకేం, లేచి నడుస్తాడు" అనేవారు. మిగతా వాళ్ళు గాలి సోకిందేమో, తాయత్తు కట్టించండి అనేవారు. ఏది నమ్మాలో తెలియక అమ్మకు రాత్రింబవళ్ళు టెన్షన్.

ఆ టెన్షన్ తీర్చింది ఫిజియో మేడమ్. కండరం సాగగానే బిగుసుకునే ఏర్పాటు వెన్నుపాములోనే ఉంటుందని, దాన్ని అదుపులో పెట్టే సంకేతాలు పైన మెదడు నుంచి రావాలని, దెబ్బ తగిలిన చోట అవి ఆగిపోతే కిందున్న నరాలు చిన్న తాకిడికే అతిగా స్పందిస్తాయని చెప్పారు. దీన్ని స్పాస్టిసిటీ అంటారట. మా అమ్మకు అర్థమయ్యేదాకా, విసుక్కోకుండా, మళ్ళీ మళ్ళీ చెప్పారు. వీల్‌చైర్ ఫుట్‌రెస్ట్ మీద పాదం పెట్టగానే బాపు మడమ కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు టకటకా కొట్టుకునేది. మేడమ్ కింద కూర్చుని, మోకాలి మీద అరచెయ్యి ఆనించి, నిదానంగా కిందికి నొక్కి పట్టేవారు. మడమ ఆనగానే ఆగిపోయేది. పిక్క సాగదీయడం కూడా అంతే. గబుక్కున నెడితే కాలు ఎదురు తిరుగుతుంది, మెల్లగా పట్టి ఉంచితే వదులవుతుంది. ఆ ఒడుపు తెలిసేదాకా అమ్మ చేతి మీద తన చెయ్యి వేసి నేర్పించారు. మేడమ్, ఇప్పుడు మా అమ్మే ఇంకొకరికి నేర్పగలదు.

బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ మాత్రలు రాశారు. వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే బిగుతు ఒక్కసారిగా పెరగడమే కాదు, జ్వరం, లేనివి కనపడటం, ఫిట్స్ దాకా రావచ్చు. ఒకసారి మా మండలంలో ఎక్కడా ఆ మాత్ర దొరకలేదు, ఇంట్లో మర్నాటికి సరిపడా కూడా లేదు. మందుల షాపు అన్న తన షాపు మూసే వేళ దాటినా ఫోన్లు చేస్తూ కూర్చుని, జిల్లా కేంద్రంలో స్టాక్ ఉన్న చోటు పట్టుకున్నాడు. రాత్రి చివరి బస్సు కండక్టర్ అన్న ఆ ప్యాకెట్ తెచ్చి మా స్టేజీ దగ్గర మా తమ్ముడి చేతిలో పెట్టాడు. మీ ఇద్దరికీ ఎంత చెప్పినా తక్కువే.

వార్డు సిస్టర్‌కు ఇంకో దండం. ఇంటికి వచ్చాక ఒక వారం కాళ్ళ కుదుపులు బాగా ఎక్కువయ్యాయి. డోసు పెంచమంటారేమోనని ఫోన్ చేస్తే ఆమె మందు సంగతే ఎత్తలేదు. మూత్రం చిక్కగా వస్తోందా, మోషన్ అవుతోందా, పిరుదుల దగ్గర ఎక్కడైనా ఎర్రబడిందా, కాలి గోళ్ళు చూశారా అని అడిగింది. చూస్తే ఎడమ బొటనవేలి గోరు మాంసంలోకి పెరిగి చీము పట్టి ఉంది. బాపుకు అక్కడ నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోయినా ఒళ్ళు కుదుపుల రూపంలో చెబుతుందని ఆమె వల్లే తెలిసింది. గోరు బాగు చేయించాక కుదుపులు తగ్గాయి. ఇలాంటి బాధ ఉన్న ప్రతి ఇంట్లో ఈ సంగతి తెలిసి ఉండాలి.

పునరావాసం చూసే డాక్టర్ గారు బిగుతును మొత్తం తీసేయలేదు. నిలబడేటప్పుడు మోకాలు కుంగకుండా కాస్త బిగుతే ఆసరా అవుతుందట. మడమ ఆనకుండా అడ్డుపడే పిక్కలకు మాత్రం కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ చేశారు. అది సుమారు 3 నెలలు పని చేస్తుంది, ఆ లోపు సాగదీయడం, నిలబెట్టడం ఎంత చేస్తే అంత లాభం. బాపు కుడి బొటనవేలు మొదటిసారి కదిలినప్పుడు మేమంతా అరిచేశాం. మేడమ్ మాత్రం "ఇప్పుడు ఆపండి" అన్నారు. ఆగింది. "మళ్ళీ" అన్నారు. కదిలింది. బాపు అనుకున్నప్పుడు కదిలి, వద్దన్నప్పుడు ఆగింది కాబట్టి అది కుదుపు కాదు, బాపు కదలికే. ఆమె కళ్ళల్లో నీళ్ళు అప్పుడు వచ్చాయి.

పక్క బెడ్ దగ్గరికి వచ్చిపోతుండే వీల్‌చైర్ అన్న, మీరు మా బాపుతో మాట్లాడకపోతే ఆయన అన్నం ముట్టేవాడు కాదు. మీరు చెప్పిన డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతి బాపు ఇప్పటికీ అందరికీ చెబుతాడు. ఆమె 1954లో ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నా, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారట. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 1966లో మొదలైన పునరావాస కేంద్రం వెనక ఉన్నదీ ఆమేనట.

బాపు ఇంట్లో వాకర్‌తో, ఎడమ కాలికి స్ప్లింట్ వేసుకుని నడుస్తున్నాడు. బయటికి వెళ్తే వీల్‌చైరే. మళ్ళీ చెట్టు ఎక్కడు. ఎక్కే అన్నలకు ఆయన మాటగా ఒకటి రాయమన్నాడు: చెట్టు మీద నుంచి జారినా పడిపోకుండా 2024 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం కిట్టు తీసుకున్న వాళ్ళు దాన్ని ఇంట్లో పెట్టకండి, నడుముకు కట్టుకునే ఎక్కండి.

గౌడ సంఘం పెద్దలు మాకు వాడుకోమని ఇచ్చిన స్టాండింగ్ ఫ్రేమ్ (బెల్టులతో పట్టి మనిషిని నిలబెట్టే చట్రం) ఇప్పుడు ఖాళీగా ఉంది. తుడిచి, బెల్టులు కొత్తవి వేయించి సంఘం భవనంలో పెట్టాం. ఏ ఊరి వాళ్ళయినా, ఏ కులం వాళ్ళయినా అడిగి తీసుకెళ్ళవచ్చని పెద్దలు చెప్పారు. ఎలా నిలబెట్టాలో చూపించడానికి అమ్మ వస్తానంది.