ఆరు నెలల ఆయుష్షున్న సిస్టమ్‌కు మూడేళ్ల ఒప్పందమా?

2019 జూన్ 24

విషయం: విండోస్ 10 మొబైల్‌తో నడిచే చేతి స్కానర్లను మార్చి ఇవ్వడం గురించి

అయ్యా,

గత నెల మా గిడ్డంగి కోసం మీ దగ్గర 40 స్కానర్లు తీసుకున్నాం. మూడేళ్ల నిర్వహణ ఒప్పందం మీద సంతకం కూడా చేశాం. యంత్రానికి వంక పెట్టను. నలిగిన లేబుల్‌ను సైతం ఇట్టే చదువుతుంది, ఒకసారి చార్జింగ్ పెడితే షిఫ్టంతా వస్తుంది. గొడవంతా లోపల నడిచే సిస్టమ్‌తోనే.

2019 డిసెంబరు 10 తర్వాత దీనికి భద్రతా అప్‌డేట్లు ఉండవని మైక్రోసాఫ్ట్ ఈ జనవరిలోనే ప్రకటించింది. ఆండ్రాయిడ్‌కో ఐఓఎస్‌కో మారిపొమ్మని తానే సలహా ఇచ్చింది. కొత్త ఫీచర్ల మీద, కొత్త ఫోన్ల మీద దృష్టి పెట్టడం లేదని ఆ సంస్థ అధికారి జో బెల్ఫియోర్ 2017 అక్టోబరులోనే చెప్పేశారు. కన్నవాళ్లే చేతులెత్తేసిన దాన్ని మీరు ‘భవిష్యత్తుకు సిద్ధం’ అన్న కరపత్రం జతచేసి మే నెలలో మాకు అంటగట్టారు.

మీ ప్రతినిధిని అడిగితే, “ఆగేది అప్‌డేట్లే కదండీ, యంత్రం ఆగదు కదా” అన్నారు. ఆ యంత్రంలో మా ఖాతాదారుల చిరునామాలున్నాయి, సరుకు లెక్కలున్నాయి, మా సర్వర్‌లోకి దారి ఉంది. డిసెంబరు తర్వాత ఎక్కడైనా కన్నం పడితే పూడ్చేదెవరు? మీ ఒప్పందంలో విరిగిన మీటకు, పగిలిన అద్దానికి పూచీ ఉంది గానీ దీని ఊసే లేదు.

నిన్న సాయంత్రం ఒక స్కానర్‌లో అప్‌డేట్ల కోసం వెతికించాను. ‘మీ పరికరం తాజాగా ఉంది’ అని వచ్చింది. “వచ్చే ఏడాదీ ఇదే చెబుతుంది సార్” అని మా స్టోరు కుర్రవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా తొందరపాటూ లేకపోలేదు. పాత ప్రోగ్రామును తిరగరాయకుండానే వాడుకోవచ్చన్న మాటకు పడిపోయాం. అయితే మేం అడగకపోవడం వేరు, మీరు తెలిసీ దాచడం వేరు.

డిసెంబరు లోపు ఈ 40 స్కానర్ల స్థానంలో ఆండ్రాయిడ్‌తో నడిచేవి ఇవ్వండి. ప్రోగ్రామును దానికి తగ్గట్టు మార్చే ఖర్చు మీరే భరించాలి. అది కుదరదంటే సరుకు వెనక్కి తీసుకుని సొమ్ము తిరిగి చెల్లించండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. అంతవరకు రెండో విడత చెల్లింపు నిలిపివేస్తున్నాం. మీరు పంపిన అట్టపెట్టెలు ఇంకా పారేయలేదు.

ఇట్లు,
గిడ్డంగి నిర్వాహకుడు